వరసలో మన వంతు రాకముందే
ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ సభ్యులు 25 మందికీ బహిరంగ లేఖ

విజయవాడ వన్ టౌన్



వన్ టౌన్ నుంచి మీకు ఉత్తరం వచ్చిందంటే ట్రాఫిక్ గురించో, వానొస్తే మునిగే సందుల గురించో అనుకుంటారు. ఇది అణ్వస్త్ర పరీక్షల గురించి. బట్టల హోల్‌సేల్ కొట్లో పద్దులు రాసుకునేవాడికి ఇంత పెద్ద సంగతులెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకే అసలు విషయం ముందే చెప్పేస్తాను. అమెరికా, రష్యా, చైనా మళ్లీ భూమిలో బాంబులు పాతి పేల్చడం మొదలుపెట్టినా భారతదేశం మాత్రం పేల్చదు. ఈ మాట ప్రభుత్వం చేత ఇప్పుడే, పార్లమెంటులోనే చెప్పించాలి. ఆ పని చేయగల బలం ఇవాళ మీ చేతుల్లో ఉంది.

ఇంత తొందర ఎందుకంటారా? 2025 అక్టోబర్ 30న అమెరికా అధ్యక్షుడు ట్రంప్, చైనా అధ్యక్షుణ్ణి కలవబోయే ముందు ఒక ప్రకటన పెట్టారు. మిగతా దేశాలతో సమానంగా అణ్వస్త్ర పరీక్షలు మొదలుపెట్టమని తన సైనిక శాఖను ఆదేశించానన్నారు. కొద్ది రోజులకే ఒక టీవీ ఇంటర్వ్యూలో రష్యా, చైనాలతో పాటు పాకిస్తాన్ కూడా చాటుగా పరీక్షలు చేస్తోందన్నారు. ఆయన ఇంధన శాఖ మంత్రి క్రిస్ రైట్ వెంటనే సర్దిచెప్పారు, అవి అణు పేలుడు లేని పరీక్షలేనని. ఆ సర్దుబాటుతో మాస్కో చల్లబడలేదు. నవంబర్ 5న పుతిన్ తన అధికారులను పిలిచి, మనమూ పరీక్షలకు సిద్ధం కావాలంటే ఏం చేయాలో ప్రతిపాదనలు ఇవ్వమన్నారు. అమెరికా, రష్యాల దగ్గరున్న పెద్ద అణ్వాయుధాలకు లెక్క కట్టి హద్దు పెట్టిన చివరి ఒప్పందం న్యూ స్టార్ట్. దాని గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది.

అమెరికా చివరిసారి అణు బాంబు పేల్చి పరీక్షించింది 1992 సెప్టెంబర్ 23న. సోవియట్ యూనియన్ చివరి పరీక్ష 1990 అక్టోబర్ 24న, చైనాది 1996 జూలై 29న జరిగాయి. మనదీ పాకిస్తాన్‌దీ 1998 మే నెలతో ఆగాయి. ఆ తర్వాత ప్రపంచంలో ఉత్తర కొరియా ఒక్కటే, 2006 నుంచి 2017 దాకా, ఆరుసార్లు పేల్చింది. అంతకుముందు అర్ధ శతాబ్దంలో అన్ని దేశాలూ కలిసి 2,000కు పైగా పరీక్షలు చేశాయి. అందులో అమెరికాది 1,030, సోవియట్‌ది 715. ఆ మోత ఆగి ముప్పై ఏళ్లయింది. ఆగడానికి కారణం చట్టం కాదు. సీటీబీటీ అని పేపర్లలో రాసే సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందంపై 187 దేశాలు సంతకాలు చేశాయి, కానీ అది ఇప్పటికీ అమల్లోకి రాలేదు. అమెరికా, చైనా సంతకం పెట్టి ఆమోదించకుండా ఊరుకున్నాయి. రష్యా ఆమోదించి 2023లో వెనక్కి తీసుకుంది. మనమూ పాకిస్తానూ సంతకమే పెట్టలేదు. అంటే ఇన్నాళ్లూ ఉత్తర కొరియా తప్ప ఎవరూ పేల్చకపోవడానికి కారణం, ఎదుటివాడు పేల్చకపోవడమే.

ఇక్కడే నాకు భయం. ఈ పని ఎప్పుడూ ఒక్కరితో ఆగలేదు. 1945లో అమెరికా మొదలుపెట్టింది, 1949లో సోవియట్ అందుకుంది, తర్వాత బ్రిటన్, ఫ్రాన్స్. 1964 అక్టోబర్‌లో చైనా పేల్చింది. దాన్ని చూసి మనలో తర్జనభర్జన మొదలై 1974 మే 18న పోఖ్రాన్ దాకా వెళ్లింది. 1998 మే 11న, 13న మళ్లీ పోఖ్రాన్‌లో పేల్చాం. మే 28న బలూచిస్తాన్‌లోని చాగై కొండల్లో పాకిస్తాన్ పేల్చింది. మొదటి దేశానికీ రెండో దేశానికీ మధ్య నాలుగేళ్లు పట్టింది. మనకీ పాకిస్తాన్‌కీ మధ్య పట్టింది 17 రోజులు.

మా వీధిలో ఇది ఏటా చూస్తాం. ఒక కొట్టతను పండగ బేరానికని రెండడుగులు ముందుకు జరిపి బేళ్లు పెడతాడు. తన కొట్టు కనబడదని పక్కతను మూడడుగులు జరుపుతాడు. ఎదురుగా ఉన్నతను మాత్రం ఎందుకు ఊరుకుంటాడు? నెల తిరిగేసరికి ట్రాలీ ఆటో దూరదు, ముఠా కూలీలు సరుకంతా మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్లాలి. ఎవరికీ బేరం పెరగలేదు, అందరికీ దారి పోయింది. మా వీధికైతే చివరికి కార్పొరేషన్ వాళ్లొచ్చి తీయిస్తారు. దేశాల మధ్య ఆ పని చేసేవాళ్లు లేరు. వరసలో ఎవరో ఒకరు 'నేను జరపను' అని ముందే చెప్పి నిలబడితే తప్ప ఇది ఆగదు.

ఆ ఒకరు మనమే ఎందుకు కావాలన్న ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు, ఈ ఉత్తరం ఢిల్లీకి కాకుండా మీకెందుకు రాస్తున్నానో చెప్పాలి.

1998 మార్చి 28న వాజపేయి ప్రభుత్వం లోక్‌సభలో విశ్వాస పరీక్ష నెగ్గింది. అనుకూలంగా 274, వ్యతిరేకంగా 261. అందులో తెలుగుదేశం ఓట్లు 11. పార్టీ సభ్యులు 12 మంది, కానీ వాళ్లలో ఒకరైన అమలాపురం సభ్యుడు బాలయోగి గారు నాలుగు రోజుల ముందే స్పీకర్ అయ్యారు, ఓట్లు సమానమైతే తప్ప స్పీకర్ ఓటు వేయరు. పద్దులు రాసేవాడిని కాబట్టి కూడికలు చేసుకున్నాను. ఆ 11 అటు పడి ఉంటే లెక్క 263కు 272 అయ్యేది, ప్రభుత్వం పడిపోయేది.  ఆ ఓటింగ్ జరిగి ఆరు వారాలు దాటగానే పోఖ్రాన్ దద్దరిల్లింది. ఆ 12 మందినీ ఎవరూ ముందుగా సలహా అడగలేదు, అంత రహస్యంగా జరిగింది ఆ పని. మన ఓట్లతో నిలబడ్డ ప్రభుత్వం ఉపఖండం చరిత్రను మార్చేసే పని చేస్తే, మనవాళ్లకు ఆ సంగతి టీవీలో తెలిసింది.

ఇవాళా దాదాపు అదే పరిస్థితి. 2024లో బీజేపీకి సొంతంగా వచ్చినవి 240, కావలసినవి 272. ఆ లోటు తీర్చిన మిత్రపక్షాల్లో అన్నిటికంటే పెద్దది తెలుగుదేశం, 16 స్థానాలతో. జనసేన 2. మీలో ముగ్గురు కేంద్ర మంత్రులు. వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు నలుగురు ప్రతిపక్షంలో ఉన్నా ఈ విషయానికి పార్టీ అడ్డం రాకూడదు. అమరావతికి నిధులు, పోలవరానికి నిధులు, విశాఖ ఉక్కుకు ప్యాకేజీ అడిగి తెచ్చుకున్నారు. ఈ అడిగేదానికి రూపాయి ఖర్చు లేదు.

ఆగడం చేతకానితనం అనేవాళ్లకు మనవాడి కథే ఒకటి చెప్పవచ్చు. 1995 డిసెంబర్‌లో, నంద్యాల ఓట్లతో లోక్‌సభకు వెళ్లి ప్రధాని పదవిలో నిలదొక్కుకున్న పీవీ నరసింహారావు హయాంలో, పోఖ్రాన్‌లో పరీక్షకు ఏర్పాట్లు జరిగాయి. అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. డిసెంబర్ 15న ఆ సంగతి న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయింది. ఒత్తిళ్లు వచ్చాయి. పీవీ ఆగారు. 1996లో దిగిపోతూ, అన్నీ సిద్ధంగా ఉన్నాయని వాజపేయికి ఆయనే చెప్పారట. పీవీ పోయాక ఆ మాట బయటపెట్టింది వాజపేయే. మీట దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి వచ్చింది. దానివల్ల దేశమేమీ బలహీనపడలేదు. ఆర్థిక సంస్కరణలు ఆగలేదు, బజారు నిలబడింది. 1998లో పేల్చాక ఆంక్షలు పడ్డాయి. డాలర్ల కోసం ఆ ఆగస్టులోనే స్టేట్ బ్యాంకు ప్రవాస భారతీయులకు రిసర్జెంట్ ఇండియా బాండ్లు అమ్మి, డాలరు మీద 7.75 శాతం వడ్డీ ఒప్పుకుని, 420 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. 

పేల్చాక ఇంక యుద్ధాలుండవని చెప్పినవాళ్లున్నారు అప్పట్లో. ఏడాది తిరక్కుండానే కార్గిల్ వచ్చింది.

ఇక 2025 మేలో పాకిస్తాన్‌తో జరిగిన పోరు. ఆ నాలుగు రోజులు మా వీధిలో ఎలా గడిచాయో మీకు తెలియాలి.

వన్ టౌన్‌లో రాజస్థాన్ నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డ వ్యాపారులు చాలామంది ఉన్నారు. పిల్లలు తెలుగు మీడియంలో చదివారు, ఇంట్లో మార్వాడీ, కొట్లో బెజవాడ తెలుగు. మా పక్క కొట్టు షావుకారు అన్నగారి కుటుంబం బాడ్‌మేర్ జిల్లాలో ఉంటుంది. ఆపరేషన్ సిందూర్ మొదలయ్యాక సరిహద్దు జిల్లాల్లో రాత్రిళ్లు దీపాలార్పించేవారు. మే 9 శుక్రవారం రాత్రి ఆయన కొట్టు మూయకుండా అన్నగారికి వీడియో కాల్ చేశాడు. ఫోన్ తెర నిండా నలుపు తప్ప ఏమీ లేదు. ఆ నలుపులోంచే వాళ్లమ్మ గొంతు, కిటికీకి దుప్పటి కట్టమని ఎవరినో కేకలేస్తూ. ఈయన ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని కళ్లు చికిలించి చూస్తున్నాడు, అలా చూస్తే కనబడుతుందేమో అన్నట్టు. అదే సమయానికి టీ కొట్లో టీవీ సైరన్ మోగించింది. బేలు మోసుకొస్తున్న ముఠా కుర్రాడొకడు అది ఊళ్లో మోగుతోందనుకుని భుజం మీది బేలు కింద పడేసి వీధిలోకి పరుగెత్తాడు. మర్నాడు కేంద్ర హోంశాఖ ఛానెళ్లకు చెప్పింది, వార్తల్లో సైరన్ శబ్దాలు వాడొద్దని. ఆ కుర్రాడి పరుగును మాలో కొందరు నవ్వులాటగా చెప్పుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిజంగా మోగితే వాడు పరుగెత్తవలసింది ఎటో మాలో ఎవరికీ తెలియదు.

ఆ రోజే శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీర్ కుర్రాడు నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో పోయాడు. మర్నాడు, మే 10న, పాకిస్తాన్ తన అణ్వాయుధాల నిర్ణయాలు తీసుకునే కమిటీని పిలిచిందని వార్త, కాసేపటికే పిలవలేదని ఆ దేశ రక్షణ మంత్రి. సాయంత్రం 5 గంటలకు కాల్పులు ఆగాయి. ఆపింది తానేనని ట్రంప్, రెండు సైన్యాల అధికారులు ఫోన్లో మాట్లాడుకుని ఆపారని మన ప్రభుత్వం. ఎవరు ఆపారన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. నాకు కావలసింది దాని ముందు సంగతి. 180 అణ్వాయుధాలున్న దేశమూ, 170 ఉన్న దేశమూ నాలుగు రోజులు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి, చివరికి వైమానిక స్థావరాల దాకా వెళ్లాయి. ఈ అంకెలు స్టాక్‌హోం శాంతి పరిశోధన సంస్థ సిప్రి 2025లో వేసిన అంచనాలు. ఇంకొక్క మెట్టు పైకెక్కితే అక్కడ ఏముందో రెండు వైపులా ఎవరికీ కచ్చితంగా తెలియదు.

దీనికి పొరపాటు తోడైతే? 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి ఎవరూ వదలమనకుండానే వెళ్లి పాకిస్తాన్‌లో 124 కిలోమీటర్ల లోపల, మియాఁ చన్నూ దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదు, ప్రాణనష్టం జరగలేదు. రెండు రోజుల తర్వాత మన ప్రభుత్వం పొరపాటని ఒప్పుకుంది. ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగాల్లోంచి తీసేశారు. అది 2022 మార్చి కాబట్టి సరిపోయింది. 2025 మే 9 రాత్రి అయి ఉంటే అవతలివాళ్లు రెండు రోజులు ఆగేవారా?

క్షిపణి పరీక్ష చేసే ముందు ఒకరికొకరు చెప్పుకోవాలని మనకీ పాకిస్తాన్‌కీ 2005 అక్టోబర్ 3న ఒప్పందం కుదిరింది. అది బాలిస్టిక్ క్షిపణులకే, అంటే ఆకాశంలోకి లేచి కిందికి వాలే రకానికే. బ్రహ్మోస్ లాంటి క్రూయిజ్ క్షిపణులు అందులో లేవు. చైనాతో అసలు అలాంటి ఒప్పందమే లేదు. చెప్పుకోవడం ఒక్కటే చాలదు, ఆ కబురు చేరవలసినవాడికి చేరాలి. 1995 జనవరి 25న నార్వే ధ్రువకాంతులను పరిశోధించడానికి ఒక రాకెట్ వదిలింది. ముందుగా రష్యాకు చెప్పింది కూడా. ఆ కబురు రాడార్ దగ్గర కూర్చున్నవాళ్ల దాకా వెళ్లలేదు. జలాంతర్గామి నుంచి అమెరికా క్షిపణి వచ్చిందనుకుని, ప్రతిదాడికి అనుమతించే పెట్టె అధ్యక్షుడు యెల్ట్సిన్ ముందుకు తెచ్చారు. రాకెట్ రష్యా వైపు రావడం లేదని కొద్ది నిమిషాల్లో తేలింది.

ఈ మాట మా ఉమ్మడి కృష్ణా జిల్లాకు ఎందుకు పనికొస్తుందంటే, 2025 మే 2న ప్రధాని అమరావతి వచ్చినప్పుడు నాగాయలంకలో క్షిపణి పరీక్షల కేంద్రానికి శంకుస్థాపన చేశారు. దాదాపు 1,460 కోట్ల రూపాయల పని. సముద్రం అంచున గుల్లలమోద దగ్గర కడతారు. ప్రయోగ కేంద్రం, రాడార్లు, టెలిమెట్రీ అన్నీ వస్తాయి. సరిగ్గా అయిదు రోజులకు సిందూర్ మొదలైంది. గుల్లలమోదలో అణ్వస్త్రం పేలదు. అక్కడ పరీక్షించేవి క్షిపణులు. దేశానికి క్షిపణులు అక్కర్లేదనీ అనను. అయినా నాగాయలంక ఉన్న దివిసీమ ఆ రోజుతో దేశ రక్షణ పటంలోకి ఎక్కింది. అటు విశాఖ ముందే ఎక్కింది. మన మొదటి అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జూలై 26న అక్కడే నీళ్లలోకి దిగింది. రెండోది అరిఘాత్ 2024 ఆగస్టు 29న అక్కడే నౌకాదళంలో చేరింది. ఆగస్టు 29 ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అణు పరీక్షల వ్యతిరేక దినం. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

దివిసీమకు పెద్ద చావు తెలుసు. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చి వేల మంది పోయారు. అప్పుడు సాయం బయటి నుంచి వచ్చింది. బందరు నుంచి, బెజవాడ నుంచి, దేశం నలుమూలల నుంచి బియ్యం, బట్టలు వచ్చాయి, డాక్టర్లు వచ్చారు. మా వన్ టౌన్ బట్టల వ్యాపారులు ఎన్ని బేళ్లు పంపారో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అణు దాడి జరిగితే ఆ 'బయట' ఉండదు. దెబ్బతిన్నవాళ్లను ఆదుకునే శక్తి ఏ ప్రభుత్వానికీ, తమ సంస్థకూ లేదని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఎన్నాళ్లుగానో చెబుతోంది. 2022లో నేచర్ ఫుడ్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇంకో మాట చెప్పింది. భారత్, పాకిస్తాన్‌ల మధ్య అణుయుద్ధం జరిగి, తగలబడ్డ నగరాల మసి ఆకాశాన్ని కప్పేస్తే, ఎండ తగ్గి పంటలు పోయి ప్రపంచంలో 200 కోట్ల మందికి పైగా ఆకలితో చనిపోవచ్చని. బాంబు ఢిల్లీలో పడినా కరాచీలో పడినా ప్రకాశం బ్యారేజీ కింది 13 లక్షల ఎకరాల్లో చేను పాలు పోసుకోదన్నమాట.

ఇప్పుడు ఎదురు వాదనకు వస్తాను. అది తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు.

1998లో మనం పేల్చిన హైడ్రోజన్ బాంబు అనుకున్నంత పని చేయలేదని 2009 ఆగస్టులో సంతానం గారు అన్నారు. ఆయన ఎవరో కాదు, పోఖ్రాన్ పరీక్షల్లో డీఆర్‌డీవో తరఫున పనిచేసిన శాస్త్రవేత్త. ఆ పరీక్షలు నడిపించిన శాస్త్రవేత్తలు చిదంబరం గారు, కలాం గారు అది నిజం కాదన్నారు. ఆ వివాదం పూర్తిగా చల్లారలేదు. ఇప్పుడు అమెరికాయో రష్యాయో పేలిస్తే, ఇదే సందు, మనమూ ఇంకోసారి పేల్చి తేల్చుకుందామనే గొంతులు ఢిల్లీలో లేస్తాయి. వాళ్ల దేశభక్తిని నేను శంకించను. లెక్క మాత్రం చూడమంటాను.

మనం ఇంకో పరీక్ష చేస్తే మన బాంబు గురించి మనకు కొంత తెలుస్తుంది. మనం చేశాక పాకిస్తాన్ ఊరుకోదు, 17 రోజులు అందుకు సాక్ష్యం. చైనా ఊరుకోదు. సిప్రి 2025 అంచనాలోనే మన 180కి ఎదురుగా దాని దగ్గర 600 ఉన్నాయి, ఇంకా పెంచుతోంది. ఇప్పటిదాకా చైనా చేసినవి 45 పరీక్షలు. ఆ తలుపు మళ్లీ తెరిస్తే కొత్త రకాలకు దారి దొరికేది ముందు వాళ్లకే. ముగ్గురూ తలా ఒకటి నేర్చుకుంటే మన పరిస్థితి ఇప్పటికంటే మెరుగవుతుందా? మన వైపు జమ ఒకటి, ఎదుటి వైపు రెండు. ఆ పద్దు ఎటు తిప్పి రాసినా నష్టమే.

ఇంకో నష్టం హైదరాబాద్‌లో కనబడుతుంది. 2008 సెప్టెంబర్ 5న అప్పటి విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ, అణు పరీక్షలపై స్వచ్ఛంద విరామానికి కట్టుబడి ఉన్నామని ప్రకటించారు. మర్నాడే అణు సరఫరా దేశాల బృందం మనకు మినహాయింపు ఇచ్చింది. అప్పటి నుంచి విదేశీ యురేనియం వస్తోంది, హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ దాన్ని రియాక్టర్లకు ఇంధనంగా మారుస్తోంది. అమ్మేవాళ్లలో కజకిస్తాన్ ఒకటి. సోవియట్ కాలంలో ఆ దేశంలోని సెమీపలాటిన్‌స్క్ మైదానంలో 456 పరీక్షలు జరిగాయి. 1989లో ఒల్జాస్ సులైమెనోవ్ అనే కవి టీవీలో కవిత్వం చదవవలసిన సమయంలో, పరీక్షలు ఆపాలని ఒక ప్రకటన చదివాడు. జనం కదిలారు. 1991 ఆగస్టు 29న ఆ మైదానం మూతపడింది. ఐక్యరాజ్యసమితి తన దినానికి ఆ తేదీనే ఎంచుకుంది. తమ నేల మీద ఇంత అనుభవించినవాళ్లు, మనం మళ్లీ పేలిస్తే మనకు యురేనియం అమ్ముతారా?

సీటీబీటీ మీద సంతకం పెట్టమని నేను అడగడం లేదు. పెద్ద దేశాలు తమ ఆయుధాలు ఎప్పటికి వదులుకుంటాయో చెప్పకుండా మనల్ని మాత్రం కట్టేస్తున్నాయని 1996లో మన ప్రతినిధి అరుంధతీ ఘోష్ జెనీవాలో నిలదీశారు. ఆ మాటలో నిజముంది. నేనడిగేది అంతకంటే చిన్నది. 1998 నుంచి మనం ఎలాగూ పాటిస్తున్నదాన్ని, ఎదుటివాడు తప్పినా మనం తప్పమని చెప్పడం. ఆ మాట ముందు అన్నవాడికి మాత్రమే, రేపు చైనాని, పాకిస్తాన్‌ని నలుగురిలో నిలదీసే నోరుంటుంది. అందుకే ఆ ఒకరు మనమే కావాలంటున్నాను.

ఇది కొత్త కోరికా కాదు. 1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవిలో అమెరికా ఒక హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. శాస్త్రవేత్తలు అనుకున్నదానికంటే అది రెండున్నర రెట్లు పెద్దగా, 15 మెగాటన్నుల శక్తితో పేలింది. ప్రమాద హద్దు బయట ట్యూనా చేపలు పట్టుకుంటున్న జపాన్ పడవ మీద తెల్లని బూడిద రాలింది. అందులో 23 మంది బెస్తవాళ్లు. అందరికీ రేడియేషన్ జబ్బు చేసింది, రేడియో చూసుకునే కుబోయామా సెప్టెంబర్‌లో చనిపోయాడు. హద్దు గీసినవాళ్ల లెక్క తప్పింది, వేటకు వెళ్లినవాడి ప్రాణం పోయింది. నెల తిరిగిన మర్నాడు, ఏప్రిల్ 2న, అన్ని దేశాలూ పరీక్షలు ఎక్కడివక్కడ నిలిపేయాలని నెహ్రూ ప్రతిపాదించారు. ప్రపంచంలో ఒక ప్రభుత్వాధినేత నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆ మాట అన్నది మీ లోక్‌సభలోనే. తొమ్మిదేళ్లకు, 1963లో, గాలిలో, నీళ్లలో, అంతరిక్షంలో పరీక్షలు నిషేధిస్తూ ఒప్పందం వచ్చింది, మనమూ సంతకం చేశాం. అప్పుడు మన చేతిలో ఒక్క బాంబూ లేదు. అయినా మన మాటకు చోటు దొరికింది.

అందుచేత మిమ్మల్ని అడిగేది ప్రసంగం కాదు, రెండు నక్షత్ర గుర్తు ప్రశ్నలు. కేంద్ర మంత్రులైన రామ్మోహన్ నాయుడు గారు, పెమ్మసాని చంద్రశేఖర్ గారు, శ్రీనివాస వర్మ గారు ప్రశ్నలు వేయడానికి వీల్లేదు. మిగతా 22 మందిలో ఎవరైనా వేయవచ్చు. మీ పని తేలిక చేద్దామని మొదటిదాని ముసాయిదా నేనే రాసి పెడుతున్నాను.

విదేశాంగ మంత్రి దయచేసి ఈ కింది విషయాలు తెలుపగలరా:

(అ) 1998 నుంచి భారతదేశం స్వచ్ఛందంగా పాటిస్తున్న అణు పరీక్షల విరామం, ఇతర దేశాలు పరీక్షలు తిరిగి ప్రారంభించినా కొనసాగుతుందా;

(ఆ) కొనసాగేట్లయితే దానికి చట్టరూపం ఇచ్చే ఉద్దేశం ప్రభుత్వానికి ఉందా; లేనట్లయితే కారణాలేమిటి;

(ఇ) క్షిపణి పరీక్షల ముందస్తు సమాచారంపై 2005లో పాకిస్తాన్‌తో కుదిరిన ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణులను చేర్చడానికి, చైనాతో అలాంటి ఒప్పందం చేసుకోవడానికి తీసుకున్న చర్యలేమిటి?

ఇందులో మూడో అంశం గొంతెమ్మ కోరిక అనకండి. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988లో రాసుకున్న ఒప్పందం ప్రకారం, భారత్, పాకిస్తాన్‌లు 1992 నుంచి ఏటా జనవరి 1న తమ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాతా ఆగలేదు. మొహాలు చూసుకోనివాళ్లు కూడా కాగితాలు మార్చుకోగలరు.

రెండో ప్రశ్న రక్షణ మంత్రికి. అది బందరు సభ్యులు బాలశౌరి గారు వేస్తే బాగుంటుంది, నాగాయలంక ఆయన నియోజకవర్గంలోనిదే. పరీక్షల రోజుల్లో వేటకు వెళ్లొద్దని మత్స్యకారులకు ఎన్ని రోజుల ముందు, ఏ భాషలో, ఎవరు చెబుతారు? వేట మానుకున్న రోజుకు పరిహారం ఎంత? ఒడిశాలో చాందీపూర్ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లను పరీక్షలప్పుడు పరిహారం ఇచ్చి తాత్కాలికంగా తరలిస్తారు. దివిసీమకు ఏ పద్ధతి పాటిస్తారో కేంద్రం కట్టకముందే కాగితం మీద రావాలి.

దేశ భద్రత విషయమని జవాబు దాటవేయవచ్చు. ఎన్ని బాంబులున్నాయి, ఎక్కడున్నాయి అని మనం అడగడం లేదు. ప్రభుత్వం 1998 నుంచి ప్రపంచమంతటికీ చెబుతున్న మాటనే మన సభలో ఇంకో వాక్యం కలిపి చెప్పమంటున్నాం. అందులో రహస్యమేముంది?

లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. వచ్చే సమావేశాల తేదీలు ప్రకటించగానే ఇవ్వండి. ప్రశ్నల వరస తేల్చే లాటరీలో రాకపోతే మర్నాడు ఇంకొకరు ఇవ్వండి, మీరు 22 మంది ఉన్నారు. ఎవరు నోటీసు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో ఈ పేటలో రాసిపెట్టుకునేవాళ్లం ఉన్నాం. 2029లో మీరు ఓట్లడగడానికి వచ్చినప్పుడు ఆ పద్దు మీ ముందు పెడతాం.

ఇట్లు,
వన్ టౌన్ ఓటరు ఒకడు,
విజయవాడ